రేగడి నేలలో మూడోసారి నాటిన తోట: ఒక అపార్ట్‌మెంట్ కేస్ స్టడీ

నేపథ్యం

విజయవాడ, గుంటూరు మధ్య, జాతీయ రహదారికి కొంత లోపలగా ఉన్న అపార్ట్‌మెంట్ సముదాయం ఇది. పూర్వం పత్తి, మిరప పండిన చేను. నిర్మాణం 2020లో పూర్తయింది. భవనాలు, రోడ్లు, పార్కింగ్ పోగా మొక్కలకు మిగిలింది సుమారు 4,000 చదరపు మీటర్లు. ఈ తోటకు సలహా ఇచ్చినవాళ్లం మేం. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, నేల, నీరు, మొక్కల లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాం. "దేశవాళీ మొక్కలు వేశాం, అయినా బతకలేదు" అనే మాట ఈ ప్రాంతంలో తరచూ వినబడుతోంది. ఆ మాట వెనక ఉండే కారణం ఈ స్థలంలో బాగా విడమరిచి కనబడింది.

నేల నల్లరేగడి. ఈ నేలలోని బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మే నెలలో చెయ్యి పట్టేంత పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లు లేత వేళ్లను తెంపేస్తాయి. రెండడుగుల లోతు నుంచి సున్నపు గులకలు తగులుతాయి. నాలుగు గులకలు తీసి పలచటి యాసిడ్ చుక్కలు వేస్తే బుసబుస పొంగుతాయి. భూసార పరీక్షలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.6 వచ్చింది, అంటే క్షారనేల. ఏడాదికి పడే వాన 900 నుంచి 1,000 మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండొంతులు జూన్–సెప్టెంబరు మధ్యే పడుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రోహిణి కార్తెలో వడగాలి అదనం. అంటే ఇక్కడ బతకాల్సిన మొక్క ఒకే ఏడాదిలో రెండు పరీక్షలు నెగ్గాలి: ఆగస్టులో వేరు మునగడం, మేలో వేరు ఎండడం. మొక్కల జాబితాలన్నీ రెండో పరీక్ష గురించే మాట్లాడతాయి. "కరువును తట్టుకుంటుంది" అని రాసి ఊరుకుంటాయి.

బిల్డర్ తరఫున జరిగిన మొదటి నాటులో రాయల్ పామ్‌లు, అశోక పేరుతో అమ్మే నరమామిడి, తురాయి, డ్రైనేజీ వెంట వరుసగా కోనోకార్పస్, మధ్యలో 600 చదరపు మీటర్ల కొరియన్ గడ్డి పచ్చిక ఉన్నాయి.

మా దాకా వచ్చిన సమస్య

2021 ఫిబ్రవరిలో నివాసుల సంఘం పిలిచేటప్పటికి పచ్చిక పసుపు తిరిగింది. పామ్‌ల మొవ్వు ఆకులు తెల్లబారి చిన్నవైపోతున్నాయి. నరమామిడిలో సగానికి పైగా ఎండిపోయాయి. ఏపుగా ఉన్నవి కోనోకార్పస్ ఒక్కటే, కానీ వాటి పక్కనున్న ప్రహరీ గోడకు ఏటవాలు బీట ఇచ్చింది, మురుగు కాలువ రెండుసార్లు పూడుకుపోయింది.

ఆకులు పసుపు తిరిగాయని సూపర్‌వైజర్ నెలనెలా యూరియా వేయిస్తున్నారు. ఇక్కడ చూడాల్సింది ఏ ఆకు పసుపు తిరిగిందనేది. నత్రజని లోపమైతే ముందు అడుగునున్న ముదురాకులు పసుపుబారతాయి. ఈ తోటలో ముదురాకులు పచ్చగా ఉండి, చిగురాకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి మధ్యభాగం పసుపుబారింది. ఇది ఇనుము అందని లక్షణం. నేలలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువై, పీహెచ్ 8 దాటితే అది వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పది రోజుల తేడాతో మూడుసార్లు పిచికారీ చేయించాం. చిగుళ్లు పచ్చబడ్డాయి. నెలన్నరకి మళ్లీ పసుపుబారాయి. ఏటా అన్నభేది కొట్టుకుంటూ పోతే తప్ప నిలవని మొక్కను ఈ నేలలో ఉంచడం దండగ అని సంఘానికి చెప్పడానికి ఆ నెలన్నరే ఆధారమైంది.

ప్రహరీ బీట సంగతి. రేగడిలో కోనోకార్పస్ లాంటి చెట్టు వేసవిలో మట్టిలోని తడిని లాగేస్తే ఆ వైపు నేల కుంగుతుంది, లోతు తక్కువ పునాది ఉన్న గోడ దాంతోపాటు దిగుతుంది. వేరు గోడను నెట్టిందని అందరూ అనుకున్నారు. పునాది పక్కన తవ్వి చూస్తే వేరు గోడను తాకనే లేదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, వేరు నెట్టడమే కారణమైతే వేరుకు అడ్డుకట్ట వేస్తే చాలు. తడి లాగడం కారణమైతే దూరం ఒక్కటే మందు. గుజరాత్ ప్రభుత్వం 2023లో కోనోకార్పస్ నాటడాన్నే నిషేధించింది. ఇక్కడ వాటిని ఒక్కసారిగా కొట్టించలేదు. చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. పైగా ఒకేసారి తీసేస్తే ఎండిన నేల మళ్లీ తడి పట్టి ఉబ్బుతుంది, గోడ ఇంకోవైపు కదులుతుంది. అనుమతి తీసుకుని, రెండేళ్లలో మూడు విడతలుగా తీయించాం.

మొదట మేం ఇచ్చిన పరిష్కారం

సంఘం కోరింది సూటిగా ఉంది: ఈసారి మన మొక్కలే వేయండి. 2021 జులైలో తొమ్మిది జాతులు, 180 మొక్కలు నాటించాం. తంగేడు 40, బందారు 30, ఎర్రచందనం 20, రేల 20, వేప 20, ఉసిరి 15, కానుగ 15, మారేడు 10, నేరేడు 10. అన్నీ ఆంధ్ర నేల మీద సహజంగా పెరిగేవే.

నాటిన పద్ధతి కూడా అందరూ చెప్పేదే. మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత తీసి, రేగడి మట్టి బయట పారబోసి, లారీలతో తెప్పించిన ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్లలో నింపాం. నేల బాగాలేదు కాబట్టి మొక్కకు మంచి నేల ఇద్దామన్నది అప్పటి ఆలోచన.

నవంబరు చివర్లో లెక్కపెడితే 105 మొక్కలు చచ్చిపోయాయి. ఎర్రచందనంలో 18, తంగేడులో 31, బందారులో 22, రేలలో 11, ఉసిరిలో 9, వేపలో 8, మారేడులో 5, నేరేడులో 1. కానుగ మాత్రం ఒక్కటీ పోలేదు.

అదే సమయంలో ఇంకో గందరగోళం తోడైంది. చేను రోజుల నుంచి హద్దు మీద నిలబడి ఉన్న పెద్ద వేప ఆ శీతాకాలంలో కొమ్మ చివర్ల నుంచి ఎండిపోవడం మొదలైంది. వేప కూడా బతకని నేల ఇది అని నివాసులు నిర్ణయానికొచ్చేశారు. 2021 చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లకు కొమ్మ ఎండు తెగులు, దానికి తోడు రసం పీల్చే టీ దోమ పట్టి మాడిపోయినట్టు కనబడ్డాయి. ఇక్కడిదీ అదే. చెట్టు కొట్టించవద్దని గట్టిగా చెప్పాం. 2022 వసంతంలో కొత్త చిగురు వేసింది. లేత వేపలు పోయిన కారణం వేరు, పెద్ద వేప ఎండిన కారణం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి ఉంటే వేపను జాబితా నుంచే తీసేసేవాళ్లం.

ఎందుకు పోయాయి

చచ్చిన మొక్కలను పారేయకుండా ఒక్కొక్కటీ ఊడదీసి చూశాం. వేళ్లు నల్లబడి ఉన్నాయి. వేలితో లాగితే పైతొక్క తొడుగులా ఊడొచ్చింది. గుంత అడుగు మట్టి నీలిబూడిద రంగుకు తిరిగి, కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది. గాలి అందక వేరు కుళ్లిందనడానికి ఇంతకన్నా పరీక్ష అక్కర్లేదు. చీడ కాదు, ఎరువు లోపం కాదు.

రెండో ఆధారం స్థలపటం. బతికిన మొక్కలను పటం మీద పచ్చచుక్కలతో, పోయినవాటిని ఎర్రచుక్కలతో గుర్తిస్తే ఒక సంగతి బయటపడింది. బతికిన తొమ్మిది తంగేళ్లు, ఎనిమిది బందార్లు, రెండు ఎర్రచందనాలు, ఈ పందొమ్మిదీ ఒకేచోట ఉన్నాయి: ప్రవేశద్వారం పక్కన, రోడ్డు కోసం గ్రావెల్ పోసి ఎత్తు చేసిన వాలులో. అదే లారీలో వచ్చిన మొక్క, అదే రోజు నాటింది, అదే మనిషి నీళ్లు పోసింది. తేడా కాలి కింద నేలలోనే ఉంది.

మూడో ఆధారం నీరు ఇంకే వేగం. 45 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, ఒకసారి నిండా నీళ్లు పోసి ఇంకనిచ్చి, మళ్లీ నింపి, కర్ర స్కేలుతో కొలిచాం. మొదటిసారి పోసిన నీళ్లను లెక్కలోకి తీసుకోకూడదు, పొడినేల పీల్చేసేది చూసి మోసపోతాం. గ్రావెల్ వాలులో గంటకు 6 సెంటీమీటర్లు దిగింది. మధ్యభాగం రేగడిలో 24 గంటలకు 4 సెంటీమీటర్లు. వెనక పల్లంలో మర్నాటికి కూడా నీటిమట్టం కదల్లేదు.

ఇప్పుడు ఎర్రమట్టి గుంతల సంగతి అర్థమైంది. చుట్టూ రేగడి, మధ్యలో వదులైన ఎర్రమట్టి. చుట్టుపక్కల పడిన వానంతా ఆ గుంతలోకే చేరుతుంది, కిందికి పోయే దారి లేదు. పాతిపెట్టిన బానలో మొక్క నాటినట్టే. బతికిన మొక్కల వేళ్లు కూడా ఎర్రమట్టి అంచుదాకా వచ్చి, రేగడిలోకి దిగకుండా గుంతలోనే చుట్టుకున్నాయి. మీటరు లోతు గుంత, ఖరీదైన ఎర్రమట్టి, రెండూ మంచి చేయబోయి చెడు చేశాయి. ఈ తప్పు ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతోంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

జాబితాలోనూ తప్పుంది. ఎర్రచందనం శేషాచలం కొండల రాతినేలల చెట్టు, నీళ్లు జారిపోయే వాలులే దానికి ఇల్లు. తంగేడు, బందారు గరప నేలలవి, గుట్టలవి. మన రాష్ట్రపు మొక్కే, కానీ ఈ చేను మొక్క కాదు. మంగళగిరి కొండ మీద పెరిగేది, ఆ కొండ కింద రేగడిలో పెరగాలని లేదు. మధ్య దూరం కిలోమీటరే కావచ్చు, వేరుకు మాత్రం అది వేరే దేశం. తర్వాత ఒక నివాసి కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి వేయమని ఎంతో ఇష్టంగా అడిగారు. అదీ ఎండు కొండల చెట్టే కాబట్టి పల్లంలో వద్దని, గ్రావెల్ వాలులో ఒకటి ప్రయత్నిద్దామని చెప్పాం.

నాలుగోది మాకు అసలు తట్టని కోణం, నీళ్లు. తోట కొళాయిలను ప్లంబరు సాఫ్ట్‌నర్ తర్వాతి లైనుకు కలిపారు. సాఫ్ట్‌నర్ బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం తీసుకుని సోడియం వదులుతుంది. ఇంట్లో కొళాయిలకు తెల్లమచ్చ కట్టదు, కానీ రేగడికి ఆ సోడియం విషమే. బంకరేణువులు విడిపోయి, సందులు పూడిపోయి, అసలే ఇంకని నేల ఇంకా ఇంకకుండా పోతుంది. తోటకు కఠినజలమే మేలు, అందులో కాల్షియం ఉంటుంది కదా. కొళాయిలను సాఫ్ట్‌నర్‌కు ముందు లైనుకు మార్పించాం. పైపు ముక్కలు, ఒక పూట పని, అంతే. సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పునీరు ఎస్టీపీ(మురుగునీటి శుద్ధి ప్లాంటు)లోకి పోకుండా కూడా విడదీయించాం.

ఎస్టీపీ నీటిని పూర్తిగా వదులుకోలేం, వేసవిలో అదే ఆధారం. దాన్ని పరీక్ష చేయిస్తే మిగులు సోడియం కార్బొనేటు (ఆ నీటితో నేలకు సోడియం ముప్పు ఎంతో చెప్పే కొలత) విలువ లీటరుకు 5 మిల్లీ ఈక్వివలెంట్లు వచ్చింది. 2.5 దాటితే సాగుకు పనికిరాదన్నది వాడుకలో ఉన్న హద్దు. ఒక్కో మిల్లీ ఈక్వివలెంటు తగ్గించడానికి వెయ్యి లీటర్లకు 86 గ్రాముల శుద్ధ జిప్సం కావాలి. 2.5 తగ్గించాలి కాబట్టి వెయ్యి లీటర్లకు 215 గ్రాములు. బజారులో దొరికే జిప్సం నూటికి నూరుపాళ్లు శుద్ధం కాదు, 70 శాతమైతే దాదాపు 310 గ్రాములు పడుతుంది. దాన్ని గోనెసంచిలో కట్టి ట్యాంకులోకి నీళ్లు పడే ధార కింద వేలాడదీయించాం. ట్యాంకు అడుగున పోస్తే గట్టిపడి కరగదు.

గట్ల మీద నుంచి తెచ్చిన జాబితా

మూడోసారి పుస్తకాల జాబితా పక్కనపెట్టి, ఐదు కిలోమీటర్ల లోపు చేల గట్లు, వాగు ఒడ్లు, పాత చెరువు కట్టలు, గుడి ఆవరణలు నడిచి చూశాం. ప్రతి చెట్టు దగ్గర నాలుగు విషయాలు రాసుకున్నాం: నేల రంగు, పక్కనున్న నీటి కంటే చెట్టు మొదలు ఎంత ఎత్తులో ఉంది, నీళ్లు పోసే మనిషి ఉన్నాడా, చుట్టూ దాని పిల్లమొక్కలు మొలిచాయా. నాలుగోది చాలా విలువైనది. తనంతట తాను మొలిచి పెరుగుతోందంటే ఆ నేల దాన్ని ఒప్పుకున్నట్టే.

అయితే విరివిగా కనబడేదల్లా మనది కాదు. సర్కారు తుమ్మ, సుబాబుల్ ప్రతి గట్టు మీదా ఉన్నాయి, రెండూ పరాయి దేశాల నుంచి వచ్చినవే. నీడకు పేరుపడ్డ నిద్రగన్నేరు కూడా దక్షిణ అమెరికాదే. వాటిని జాబితా నుంచి తీసేశాం.

నాటే పద్ధతి విషయంలో ఆ సముదాయంలో తోటపని చేసే పెద్దాయన మాట దారి చూపింది. ఆయన ఒకప్పుడు పక్క ఊళ్లో మిరప రైతు. "ఈ నేల ఎండితే రాయి, తడిస్తే బురదండీ. బోదె కట్టకుండా మిరపనారు కూడా పెట్టం. మీరేమో చెట్టుకి గొయ్యి తీయిస్తున్నారు" అన్నారు. మొక్కను కిందికి దించడం మాని పైకి ఎత్తాలన్నది ఆ మాటలోనే ఉంది.

మధ్యభాగం రేగడిలో ప్రతి చెట్టుకూ ఒక దిబ్బ వేయించాం. అడుగున 1.8 మీటర్ల వెడల్పు, పైన 90 సెంటీమీటర్లు, ఎత్తు 45. ఒక్కో దిబ్బకు సుమారు 0.65 ఘనపు మీటరు మట్టి పడుతుంది. బయటి నుంచి తెప్పించలేదు. వరుసల పక్కన 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 లోతు కాలువ తవ్విన మట్టే దిబ్బలకు పోసి, చాలనిచోట పార్కింగ్ తవ్వకంలో గుట్టపోసిన రేగడి వాడాం. కాలువకు మూడు వందల మీటర్లకు ఒక మీటరు వాలు ఇచ్చి మురుగునీటికి కాకుండా వాననీటి డ్రెయిన్‌కు కలిపాం. దిబ్బ మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు 10 కిలోలు, జిప్సం కిలో, చెదలకు వేపపిండి అరకిలో కలిపాం. ఎర్రమట్టి, ఇసుక అసలు లేవు. ఇసుక కొంచెంగా కలిపితే రేగడి వదులవ్వదు, ఎండాక ఇటుకలా బిగుస్తుంది.

మొక్క ఎత్తు రెండు నుంచి మూడడుగులు, ఏడాది వయసు. ఎనిమిదడుగుల మొక్కలు కావాలని సంఘంలో కొందరు పట్టుబట్టారు. పెద్దమొక్కకు పైన ఆకు ఎక్కువ, సంచీలో వేరు తక్కువ. రేగడి పగుళ్ల వేసవిని అది దాటలేదు. సంచీ చింపాక చుట్టుకున్న వేళ్లను నాలుగు వైపులా నిలువుగా కోసి, ఎర్రమట్టి ముద్దను అంచుల్లో కొంత విదిలించి మరీ నాటాం. లేకపోతే గుంతలో జరిగిందే చిన్నగా మళ్లీ జరుగుతుంది. మొక్క మెడ, అంటే కాండం, వేరు కలిసే చోటు, దిబ్బ పైమట్టానికి రెండు సెంటీమీటర్లు ఎత్తులోనే ఉంచాం, రేగడి కుదురుకునేటప్పుడు మొక్క కొంచెం దిగుతుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త చాలా అవసరం. బట్టగణపం అడిగితే ఒక నర్సరీ కదంబం పంపింది, నీరు కదంబం అన్న ఇంకో పేరు వల్ల. ఆకు చూసి వెనక్కి పంపాం. అప్పటినుంచి ఆర్డరులో శాస్త్రనామం కూడా రాస్తున్నాం: బట్టగణపానికి మైట్రాగైనా పార్విఫోలియా, తెల్లమద్దికి టెర్మినేలియా అర్జున, కణపకు బారింగ్టోనియా అక్యుటాంగ్యులా, నెమలినారకు హోలోప్టీలియా ఇంటెగ్రిఫోలియా. మద్ది అంటే తెల్లమద్దా నల్లమద్దా అనే పేచీ కూడా దీంతో పోతుంది.

స్థలాన్ని మూడు ముక్కలుగా చూశాం. గ్రావెల్ వాలులో తంగేడు, బందారు, వాక్కాయ, గోరింట, రేల, రెండు వేపలు. రెండోసారి ఓడిపోయిన మొక్కలే ఇక్కడ గెలిచాయి. ఈ ముక్కలో గుంతకు గునపంతో అడుగు పొర పగలగొట్టడం తప్పనిసరి, రోలర్ తొక్కిన గ్రావెల్ వేరును దిగనివ్వదు.

మధ్య రేగడిలో దిబ్బల మీద నెమలినార, వేప, మోదుగ, వెలగ, ఉసిరి, విరిగి, ఒక జమ్మి. విరిగిని కొన్ని ఊళ్లలో బంకనక్కెర అంటారు, పండ్లకు పిట్టలు బాగా వస్తాయి. నల్లతుమ్మ ఈ నేలకు అన్నిటికన్నా సరిపోయే చెట్టు. కానీ ముళ్లు, పిల్లలు ఆడే చోటు. అందుకే వెనక ప్రహరీకి అవతల, డ్రెయిన్ గట్టు మీద నాలుగు మాత్రమే వేశాం. నేలకు నప్పడం ఒక్కటే చాలదు, మనుషులకూ నప్పాలి.

పల్లంలో దిబ్బలు 30 సెంటీమీటర్లే. తెల్లమద్ది, కానుగ, నేరేడు, బట్టగణపం, కణప, అంచుల్లో వావిలి, కాలువ ఒడ్డున వట్టివేరు. తెల్లమద్ది వాగు ఒడ్డు చెట్టు, వారం పది రోజులు మొదలు దగ్గర నీళ్లు నిలిచినా చలించదు. కానీ మహావృక్షం అవుతుంది, తడి బాగా లాగుతుంది, కాబట్టి గోడకు కనీసం 12 మీటర్ల దూరం పెట్టాం. ఆ దూరం లేని చోట కానుగతోనే సరిపెట్టుకున్నాం. నేరేడు పార్కింగ్ వైపు వద్దు, పండ్ల మరకలకు కార్ల యజమానులు కొమ్మలు నరికిస్తారు.

నాటే కాలం కూడా మూడింటికీ ఒకటి కాదు. గ్రావెల్ వాలులో మృగశిర దాటి రెండు మంచి వానలు పడగానే, 2022 జూన్‌లో నాటాం. మధ్యభాగంలో దిబ్బలు ఏప్రిల్‌లోనే పోసి, ఎండకు గడ్డలు పగిలి తొలకరికి కుదురుకున్నాక జులై మొదట్లో. పల్లంలో మాత్రం వానల్లో నాటలేదు. నవంబరు ఆఖరున, నీరు తీసి, కాలు దిగబడనంతగా ఆరాక నాటాం. రేగడి రైతు శనగ వేసేది కూడా ఆ తడి మీదే. కొత్త వేరుకు మునక భయం లేకుండా ఆరు నెలలు దొరుకుతాయి, కింద నిల్వ తడి ఉంటుంది. ఈ ఒక్క మార్పు పల్లంలో మొక్కలను కాపాడిందని మా నమ్మకం.

నీళ్లు మొదటి వేసవిలో నాలుగు రోజులకోసారి 20 లీటర్లు, రెండో వేసవిలో పది రోజులకోసారి 40 లీటర్లు, మూడో వేసవికి ఆపేశాం. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది, పగుళ్లకు మొదట బలయ్యేది అదే. దిబ్బ మీద నాలుగంగుళాల మందాన వరిగడ్డి, ఎండాకు పరిచాం, కాండం చుట్టూ జానెడు వదిలి. పగుళ్లు మొదలైన చోట పైమట్టిని రెండంగుళాలు గొప్పు తవ్వించి పగుళ్లు పూడ్పించాం. పత్తికట్టె పరిస్తే చెదలు పట్టాయి, మానేశాం.

కొరియన్ గడ్డి స్థానంలో గరిక, తడి ఎక్కువ ఉండే అంచుల్లో బొక్కెనాకు. పాత పచ్చికకు చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల లెక్కన 3,000 లీటర్లు పోసేవారు. గరికకు జూన్ నుంచి డిసెంబరు దాకా ఏమీ అక్కర్లేదు. వేసవిలో పది రోజులకోసారి తడిపితే ఎండినట్టుండి వానకు లేస్తుంది. మేలో పచ్చిక గోధుమరంగుకు తిరగడం కొందరికి నచ్చలేదు. క్లబ్‌హౌస్ ముందు 60 చదరపు మీటర్లు మాత్రం వేసవంతా పచ్చగా ఉంచడానికి ఒప్పుకున్నాం.

తర్వాత

మూడో నాటులో మొత్తం 210 మొక్కలు. 2025 జనవరి లెక్కకు 187 ఉన్నాయి. వాలులో 60కి 6, మధ్యభాగంలో 90కి 14, పల్లంలో 60కి 3 పోయాయి. మధ్యలో పోయిన 14లో 8 ఉసిరి. ఉసిరి ఉప్పును, చవుడును బాగా తట్టుకుంటుంది, మునకను తట్టుకోదు. వాటి దిబ్బలు వాన కోతకు అరిగి 25 సెంటీమీటర్లకు దిగిపోయాయి, ఏటా వేసవిలో మట్టి ఎగదోయాలని మేం రాసిచ్చినా ఒక ఏడాది తప్పింది.

మధ్యలో రెండు గట్టి పరీక్షలు వచ్చాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మొదటి నాటులో మిగిలిన తురాయిల్లో మూడు వేళ్లతో సహా ఒరిగాయి. అవీ ఎర్రమట్టి గుంతల్లో నాటినవే, వేళ్లన్నీ ఆ గుంత ఆకారంలోనే పైకి వచ్చాయి. కొత్త మొక్కల్లో రెండు విరిగి చెట్ల కొమ్మలు విరిగాయి, అంతే. ఊతకర్రలను అప్పటికే తీసేశాం, ఏడాది దాటి ఉంచితే కాండం బలపడదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో, బుడమేరు విజయవాడను ముంచిన వానలకే, ఇక్కడి పల్లంలో తొమ్మిది రోజులు నీళ్లు నిలిచాయి. మద్ది, కణప, బట్టగణపం ఒక్క ఆకు రాల్చలేదు. రెండు నేరేళ్లు పసుపు తిరిగి నెలకు కోలుకున్నాయి.

కానుగ ఆకుల మీద బొడిపెలు వచ్చాయని ఏటా ఫిర్యాదు వస్తుంది. నల్లి చేసే పని అది, చెట్టుకు హాని లేదు, మందు కొట్టనివ్వడం లేదు.

రెండో నాటులో ఎర్రమట్టి గుంతల్లోనే బతికి ఉన్న కానుగ, నేరేడు, వేపలను పీకలేదు. ప్రతి గుంత నుంచి దగ్గరి కాలువకు పారవెడల్పు గాడి కొట్టి నీటికి దారి ఇచ్చాం. వేపలు ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాయి, వేరు రేగడిలోకి దిగిందో లేదో ఇంకో రెండు వేసవులు చూస్తే గానీ తేలదు.

ఈశాన్య మూలలో 150 చదరపు మీటర్ల ముక్క ఒకటి మిగిలింది. అక్కడ మూడు వారాల పైన నీళ్లు ఆగుతాయి. దాన్ని మట్టితో నింపి ఎత్తు చేద్దామని సంఘంలో ప్రతిపాదన వచ్చింది. నింపితే ఆ నీళ్లు పోయేది సెల్లారు వైపే. మట్టాలు కొలిచి చూపించాక ఆగారు. అంచున రెండు కణపలు వేసి, మిగతాది తుంగకీ జమ్ముకీ వదిలేశాం. దోమల లార్వాను తినే చిన్నచేపలు నీళ్లున్నన్నాళ్లూ వదులుతున్నారు, ఎండిపోయే ముందు పట్టి డ్రమ్ములోకి మారుస్తున్నారు.